బ్యాండు మీదికెక్కిన ఉత్తరం

ఎనభైల మొదట్లో కువైట్‌లోని ఫర్వానియాలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. మిగతా ఐదుగురూ రాయచోటి వైపు వాళ్లు, నేనొక్కణ్ణే కోనసీమ. టేప్ రికార్డర్ నాది. జరిగినదానికి తప్పు నాదేనని తేల్చేశారు కాబట్టి ఇవన్నీ ముందే చెబుతున్నాను.

మా గోడౌన్‌లో డ్రైవరు ఒక సొమాలీ. అక్కడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పినవాడు అతనొక్కడే. శుక్రవారం మధ్యాహ్నాలు మా గదికి వచ్చి, నాకు సగమే అర్థమయ్యే అరబ్బీలో తమ రాక్ బ్యాండు కథ చెప్పేవాడు. మొగదిషులో ఐదుగురు కలిసి అరువు గిటార్లతో పెళ్లిళ్లలో వాయించడం మొదలుపెట్టారట. సముద్రం ఒడ్డు హోటల్లో వారం వారం వాయించేదాకా వచ్చారు. కరెంటు పోతే డ్రమ్ములాయన ఒక్కడే వాయిస్తూ జనాన్ని కదలనిచ్చేవాడు కాదట. తర్వాత పాడే అమ్మాయికి పెళ్లయింది, ఒకడు ఇటలీ వెళ్లిపోయాడు, డ్రమ్ములాయన యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. మిగిలింది హోటల్ వంటవాడు రికార్డు చేసిన ఒక్క క్యాసెట్. అందులో పాటకు ముందు డ్రమ్ములాయన "కోవ్, లబ, సద్దెహ్" అని మూడు అంకెలు లెక్కపెడతాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. సొమాలీకి టేప్ రికార్డర్ లేదు గనక క్యాసెట్ నా పెట్టె మీదే ఉండేది.

ఒక శుక్రవారం చూస్తే లేదు.

"అదా? ఇంటికి పంపిస్తిని అన్నా, ఖాళీదనుకుంటి," అన్నాడు పక్క మంచం వాడు.

చదువు రానివాళ్లు అప్పట్లో ఉత్తరాన్ని క్యాసెట్‌లో చెప్పి, ఊరికి పోయేవాళ్ల చేత పంపేవారు. ఇంటివాళ్లు దాని మీదే జవాబు చెప్పి తిప్పి పంపేవారు. కానీ సొమాలీ ఆ క్యాసెట్ మూలల్లోని ముక్కలు ముందే విరిచేసి ఉంచాడు. అలా విరిస్తే, ఆ చిల్లుల్లో కాగితం కుక్కితే తప్ప దాని మీద మళ్లీ రికార్డు అవదు.

"ఖాళీదైతే చిల్లుల్లో కాగితం ఎందుకు కుక్కావు?" అన్నాను.

"డబ్బాలు కొట్టినట్టుండాది గదన్నా అది. నీకేమన్నా అర్థమైతాదా?"

గదంతా నవ్వింది. మాలో వయసులో పెద్దాయన మాత్రం నవ్వకుండా, "దాచుకోవాల్సింది నువ్వే గదప్పా," అన్నాడు. ఆ మాట నాకింకా గుర్తుంది.

నాలుగు నెలలు పక్క మంచం వాడితో మాట్లాడలేదు. పప్పు గిన్నె అందివ్వమని కూడా అడగలేదు.

క్యాసెట్ ఊరికి పోయిందని సొమాలీకి చెప్పే ఉన్నాను. అది తిరిగొచ్చిన శుక్రవారం అతనూ ఉన్నాడు. పెట్టి వింటే మొదట్నుంచీ పక్క మంచం వాడి భార్య గొంతే. మూడు అంకెలు లేవు. చివర్లో ఆమె మాటలు అయిపోయాక కాసేపు డ్రమ్ములు మోగి, టేపు ఆగిపోయింది.

"ఆమె ఏమంటోంది?" అని అడిగాడు సొమాలీ.

"చిన్నదానికి రెండు పళ్లొచ్చాయట. అన్నం ముద్ద పెడితే వేలు కొరుకుతోందట," అన్నాను.

ఆ ముక్క మళ్లీ పెట్టించుకుని విన్నాడు. ఆమె మాటల్ని ఎక్కడా ఆపకుండా మొత్తం ఇంకోసారి తిరగనిచ్చాడు. తర్వాత క్యాసెట్ తీసి పక్క మంచం వాడి చేతిలో పెట్టి, "ఖలాస్, ఇది నీదే," అన్నాడు. వాడు తల వంచుకుని ఏడ్చాడు. సొమాలీ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగు నెలలు అతని కోసం పోట్లాడినవాణ్ణి నేను. అతనేమో ఎవరో చెప్పగా విని, నా వైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఇతనితో మాట్లాడలేదా నువ్వు?" అన్నాడు, నేనేదో పిల్ల చేష్ట చేసినట్టు.

పై శుక్రవారం నుంచి సొమాలీ ఆ మంచం మీదే కూర్చునేవాడు. బ్యాండు కథ మళ్లీ పెళ్లిళ్ల దగ్గర్నుంచి మొదలైంది. నాకు తెలిసిన కథే. అక్కడక్కడా తప్పు కూడా చెబుతున్నాడు. దిద్దాలంటే నేను మాట్లాడాలి. తప్పు చేసినవాడు ముందు మాట్లాడాలి గానీ నేనెందుకు మాట్లాడతాను?

ఒక శుక్రవారం చొక్కా వేసుకుని బస్సెక్కి ఫింటాస్ పోయి, చీకటి పడేదాకా సముద్రం ముందు కూర్చున్నాను. తిరిగొచ్చాక ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు.