గోదారికి పోని పటం

మా మనవరాలు హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నది. చేతికి రంగంటకుండా గాజు పలక మీద పెన్ను ఆడించి ఎంత బొమ్మనైనా వేసేస్తుంది. అలాంటి పిల్ల మొన్న కరీంనగర్ వచ్చి, నానబెట్టిన చింతగింజల గిన్నె నా ముందు పెట్టి, "తాతా, గీ బంక ఎట్ల ఉడకవెడ్తరో జర చెప్పవా?" అన్నది. మా నాయన, అదే బాపు, పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆ బంక మాట ఎత్తనివ్వని వాణ్ణి నేనే.

చొప్పదండి దగ్గర మా ఊళ్ళో బాపు గంజి పెట్టిన గుడ్డకు చింతగింజల బంక, తెల్లసుద్ద కలిపి పూసి, దాని మీద బారలకొద్దీ కథల పటాలు వేసేవాడు. పటాన్ని ఊరూరా విప్పి చూపిస్తూ కథలు చెప్పేవాళ్ళకు అదే బతుకుదెరువు. డెబ్బైలలో నేను పట్నంలో బొమ్మల కాలేజీలో చేరి, ట్యూబు రంగులు మరిగి, బాపుది మోటుపని అనుకునే రోజుల్లో, ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను. ఒక ముసలి కథకుడు కొత్త పటం తీసుకుపోవడానికి వచ్చి, చిరుగులు పట్టిన పాతదాన్ని విప్పాడు. అది బాపు తన పెళ్ళికి ముందు వేసినదట. అందులో అమ్మవారి ముఖం చూసి నోరు తెరిచాను, మా సార్లకు కూడా అలాంటి గీత పడదు. దాన్ని మర్నాడు గోదావరిలో కలుపుతారని విని నా ప్రాణం ఒప్పుకోలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పటాన్ని నా ట్రంకుపెట్టెలో దాచి, దాన్ని చుట్టి ఉంచిన పసుపుగుడ్డలో ఉత్త గుడ్డను చుట్టి పెట్టాను.

మర్నాడు బాపు, నేను కూడా వాళ్ళ వెంట పోయాం. ధర్మపురి రేవులో ఆ చుట్టను నీళ్ళలోకి విసిరేసి వస్తారనుకున్నాను. ముసలాయన స్నానం చేసి, తడిబట్టలతో దాన్ని శవంలా భుజానికెత్తుకున్నాడు. వాళ్ళింటి ఆడవాళ్ళు శోకాలు పెట్టారు. "అవ్వా, గిన్నేండ్లు మమ్ముల సాదినవ్, ఇగ పోయిరా తల్లీ" అంటూ ఆయన మెడలోతు నీళ్ళలో నిలబడి ఏడ్చాడు. పాతదాన్ని అలా సాగనంపితే తప్ప కొత్త పటం విప్పరాదని నాకు అక్కడే తెలిసింది.

తిరుగు బస్సులో బాపుకు చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసి, "అంటే గామె ఇంక మనింట్లనే ఉన్నదారా?" అన్నాడు. మర్నాడే పటం పట్టుకొని ముసలాయన దగ్గరికి పోయి, నా పేరెత్తకుండా, తన కండ్లు మసకలై చుట్ట మారిందని చెప్పి కాళ్ళు పట్టుకున్నాడు. వాళ్ళు పాపం మళ్ళీ మొదటినుంచీ అన్నీ చేశారు. కండ్లు పోయిన చిత్రకారుడు దేవతకు కండ్లేం దిద్దుతాడని ఊళ్ళ మీద మాట పాకింది. ఆ తర్వాత బాపు గడప తొక్కి పటం అడిగినవాళ్ళు లేరు. ఆయన కండ్లు నిక్షేపంగా ఉన్నాయని తెలిసిన నేను, జమ్మికుంటలో డ్రాయింగు మాస్టరునై నోరు మూసుకొని బతికాను.

మనవరాలికి బంక ఉడకబెట్టి చూపించాను. అది పదిరోజులు కూర్చొని గుడ్డ మీద బొమ్మ వేసి, టక్కున ఫోన్లో ఫొటో తీసింది. ఈ గుడ్డ పాతదైతే ఏం చేస్తావు బిడ్డా అంటే, "ఫోన్ల ఉంటది గద తాతా, ఏడికి పోతది?" అని నవ్వింది. ఇప్పుడు ఏ బొమ్మనూ ఎవరూ దొంగిలించి కాపాడక్కర్లేదు, సాగనంపి ఏడవక్కర్లేదు. నేను ఆనాడు కోరుకున్నదీ అదే కదా, మరి తప్పని ఎట్లా అంటాను. కానీ బాపు గీసిన ఆ అమ్మవారి ముఖం ఎంత తలచుకున్నా నాకు గుర్తుకు రాదు. ఉత్త గుడ్డను మోసి ఏడ్చిన ఆ ముసలాయన ముఖంలో మాత్రం ఒక్క ముడత కూడా మరిచిపోలేదు.