దిండుకు కొలతలు తీసే మెహమూద్ భాయ్

మా గల్లీ దర్జీ మెహమూద్ భాయ్ మనిషిని కొలవకుండా దిండు కుట్టడు. జాకెట్టుకో పాంటుకో కొలతలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. సోఫాలో అందానికి పెట్టుకునే పూల దిండుకు వీపు కొలవడమేమిటి? తెలంగాణ వచ్చిన ఏడాది అతడు దుకాణం తెరిచినప్పటి నుంచీ నల్గొండలో ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. అడిగిన ప్రతివాడూ చివరికి బుద్ధిగా వెనక్కి తిరిగి నిలబడ్డవాడే.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. రెండు చదరపు ముక్కల్ని తిరగేసి కుట్టి, చెయ్యి దూరేంత సందు వదిలి, బయటికి లాగి, దూది కూరి, ఆ సందు చేత్తో మూసేస్తే దిండు. మా బడిలో ఏడో తరగతి పిల్లలకు నేను ఒక్క పీరియడ్‌లో నేర్పాను. ఆ మాట అంటే మెహమూద్ భాయ్ నన్ను జాలిగా చూశాడు.

"గవి దిండ్లు కావు టీచరమ్మా, దూది సంచులు. ఆనుకునే మనిషి ఎవరో తెల్వకుంట తకియ ఎట్ల కుడ్తరు?"

కొలతలతో అయిపోతుందా! దిండుకు ట్రయల్ కూడా ఉంటుంది. సగం దూది కూరిన దిండును పాత కుర్చీలో పెట్టి, మనిషిని కూర్చోబెడతాడు. "ముంగటికి వంగుండ్రి. నవ్వుండ్రి. ఇప్పుడు కోపం తెచ్చుకోండ్రి." కోపమొస్తే వీపు బిగుసుకుంటుందట, ఆ కొలత కూడా కావాలట. బ్యాంకులో పనిచేసే మా ఆయన రఘుపతికి ఎంతకీ కోపం రాకపోతే, మెహమూద్ భాయ్ భార్య లాడ్లీ బేగం లోపల్నుంచి, "మీ మేనేజర్‌ను యాది చేసుకోండ్రి సారూ" అని అందించింది. వెంటనే వచ్చింది.

ఆపైన ఆల్టరేషన్లు. ఒకసారి మెహమూద్ భాయ్ గడియారం సెంటర్లో మా ఆయన స్కూటరును ఆపించి, అందరూ వింటుండగా, "సార్, మీరు ఒళ్లు చేసిండ్రు. దిండు పంపుండ్రి, జర లూజ్ జేస్త" అన్నాడు. మా ఆయన చాలా రోజులు ఆ దారినే వెళ్లలేదు.

అలాంటి మనిషికి నేను అయిదు దిండ్లు చెప్పాల్సి వచ్చింది, అదీ ఆదివారానికల్లా. పక్కింటి సుక్కమ్మ కూతురు గ్లోరీకి పెళ్లిచూపులు. వాళ్ల ఇల్లు ఇరుకని మా హాల్లో పెట్టుకోమన్నాను. సోఫా ఎలాగూ పాతదే, దిండ్లయినా కొత్తవి ఉంటే బాగుంటుందని ఎర్రపూల కాటన్ బట్ట కొనుక్కొచ్చాను.

అసలు చిక్కు సుక్కమ్మతో వచ్చింది. మునుగోడు దిక్కు ఊళ్లో చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ఆమె నడుమును వంచేశాయి. కుర్చీలో వెనక్కి ఆనలేదు. నలుగురిలో కూర్చోవడమంటే సిగ్గు.

"నేను వంటింట్లనే ఉంట. నా వంకర జూస్తే పిల్లకు సంబంధం తప్పుతది" అంది.

"అమ్మ నా పక్కన కూసోకపోతే నేను బయటికే రాను" అంది గ్లోరీ. ఇద్దరూ మొండివాళ్లే. మధ్యలో నాకు బీపీ.

అప్పుడే మెహమూద్ భాయ్ మెడలో టేపుతో, భార్యతో సహా దిగాడు. సోఫాలో కూర్చోబోయే వాళ్లందరినీ వరుసలో నిలబెట్టాడు. ఆడవాళ్లను లాడ్లీ బేగం కొలిచి అంకెలు అరుస్తుంటే, ఈయన గోడవైపు తిరిగి వాటిని వల్లె వేశాడు. మా ఆయనను మూడుసార్లు కొలిచాడు. పొట్ట లోపలికి పీల్చుకుంటూ ప్రతిసారీ దొరికిపోయాడు పాపం. ఆ తర్వాత నార్కట్‌పల్లిలో ఉన్న పెళ్లికొడుకు తండ్రి బాలస్వామికి ఫోన్ చేయించాడు.

"అన్నా, మెడ కాడికెల్లి నడుము దాంక ఎంతున్నదో జర కొలిచి చెప్పుండ్రి."

"ఎందుకే?"

"సోఫాల ఆనుకునేటందుకు."

"మేం పిల్లను సూడొస్తున్నమా, మీరే మమ్ముల సూస్తున్నరా?" అని గొణిగాడు కానీ, బాలస్వామి కొలిచి చెప్పాడు.

ఇదంతా చూసి సుక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే, "ఇగ నీ వంతు సుక్కమ్మా" అని లాడ్లీ బేగం టేపు పెట్టేసింది. జాకెట్టు కుట్టించుకోవడానికి కూడా పాత జాకెట్టును ఆదిగా పంపడమే తప్ప ఒంటి మీద టేపు పెట్టనివ్వని మనిషి, నవ్వుతూనే నిలబడింది.

ఆదివారం పొద్దున దిండ్లు వచ్చాయి. సర్దుతుంటే అనుమానమొచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. నాలుగు దిండ్లు అచ్చంగా ఒకే సైజు! మా ఆయన వీపూ, గ్లోరీ వీపూ ఒకటేనా? అయిదోది మాత్రం నడుము దగ్గర మందంగా, వంపు వచ్చే చోట గుంటగా, మెడ దగ్గర మళ్లీ ఎత్తుగా ఉంది. నాకు ఒళ్లు మండి దుకాణానికి పోయి నిలదీశాను.

"మూడుసార్లు కొలిచిన మా సార్ వీపు ఏమైంది భాయ్?"

"సార్‌కు దిండెందుకు టీచరమ్మా? గోడకు ఆనిచ్చినా నిద్రపోతడు."

"మరి ఇన్నేండ్లు ఊరందరినీ ఎందుకు కొలిచినట్టు?"

అతడు మిషను ఆపలేదు. "మన దిక్కు నడుములు వంగినోళ్లు ఎందరు లేరు? గా ఒక్కరినే పిలిచి కొలుస్తనంటే వస్తరా? అందరినీ కొలిస్తే గాళ్లు గూడ వస్తరు." గొంతు తగ్గించి, "సార్‌కు చెప్పకుండ్రి. దిండు తన కొలతకే కుట్టిన్నని అనుకుంటుండు" అన్నాడు.

అతడికి దండం పెట్టాలనిపించింది. తిట్టడానికి పోయిన దాన్ని గనక, ముఖం అలాగే ముడుచుకుని తిరిగొచ్చాను.

సాయంత్రం భార్యాకొడుకులతో బాలస్వామి వచ్చీ రాగానే సోఫాలో ఆనుకుని, "కొలతిచ్చినందుకు మంచిగ కుదిరింది" అన్నాడు. నేను గబగబా టీ అందించాను. "అందరివీ కొలిచిండ్రు, నాది గూడ ఉన్నది గదా" అంటూ సుక్కమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, అయిదో దిండు ముందు అంచున కూర్చుంది. కాసేపటికి కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగి, ఆనింది.

మాటలు సాగాయి. చదువు, ఉద్యోగం, చర్చి, పెళ్లి ఎప్పుడన్నది. "మరి వదినె ఏమంటది?" అని పెళ్లికొడుకు తల్లి అటు తిరిగింది. సుక్కమ్మ అప్పటికే తల వెనక్కి వాల్చి, హాయిగా గురక పెడుతోంది. గ్లోరీ ముఖం ఎర్రబడింది. లేపబోతే పెళ్లికొడుకు తల్లి చెయ్యి పట్టి ఆపింది.

"లేపకు బిడ్డా. ఎన్నడు పండుకున్నదో ఏమో."

ఇక పెళ్లి మాటలన్నీ గుసగుసల్లోనే జరిగాయి. సుక్కమ్మ కళ్లు తెరిచేసరికి అంతా ఖాయమైపోయింది. "అయ్యో, ఏమన్నరు?" అని కంగారుగా అడిగింది.

"ఏమనలే అత్తమ్మా" అన్నాడు పెళ్లికొడుకు. "ఇంటికాడున్న మా ముసలవ్వకు గూడ నడుము వంగింది. గీ దిండు యాడ కుట్టిచ్చిండ్రు?"

"మా గల్లీలనే" అన్నాను నేను. "కానీ అవ్వను ఒక్కదాన్నే తెస్తే కుట్టడు బాబూ. ఇంటిల్లిపాదీ వచ్చి వరుసల నిలబడాలె."