చిక్కిపోయిన కుర్చీ

ఆవిడని వార్డులోంచి తీసేసింది తప్పు మందు ఇచ్చినందుకు కాదు, డ్యూటీకి ఆలస్యంగా వచ్చినందుకూ కాదు. నవ్వినందుకు.

ఆసుపత్రి మొత్తాన్ని కంప్యూటర్ మీదికి ఎక్కిస్తున్నామని పెద్ద మీటింగు పెట్టారు. సూపరింటెండెంటు ఎప్పుడు చూసినా అప్పుడే ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించినట్టుంటాడు. నర్సులు చాటుగా ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. ఆయన స్టేజీ ఎక్కి, "ఇకమీదట నర్సులు బుర్ర వాడక్కర్లేదు, అంతా మెషినే చూసుకుంటుంది" అన్నాడు. అని, ఆ వైభవమేదో చూపిద్దామని మీట నొక్కాడు. పాస్‌వర్డ్ తప్పంది మెషిన్. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తప్పంది. ఇంకోసారి నొక్కితే, మీరెవరో నాకు తెలియదు, కాసేపాగి రండంది. హాలంతా పంటి బిగువున కూర్చుంది. వెనక వరసలో ఆవిడ ఒక్కతే కూర్చోలేకపోయింది. ఆవిడ నవ్వు కుక్కర్ విజిల్ లాంటిది. వస్తున్నట్టు చప్పుడు చేసి కాసేపు బుసకొడుతుంది, ఇక ఆగిపోయిందిలే అనుకునేసరికి ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. ఆ నవ్వుతో హాలు కట్ట తెగింది.

కొన్నాళ్ళకి కాగితం వచ్చింది. "మీ సుదీర్ఘ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుని" ఆవిడని కొత్తగా తెరిచిన దూర సంరక్షణ విభాగానికి మారుస్తున్నారట. విభాగమంటే మెట్ల కింద గది. అంతకుముందు అందులో విరిగిన మంచాలు పడేసేవారు. మన అనుభవాన్ని దృష్టిలో పెట్టుకునేవాళ్ళు మనిషిని మాత్రం కంటికి ఆనని చోట పెడతారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే.

ఆవిడ మాత్రం పొగకి కళ్ళు నులుముకోలేదు. గదిలో ఒక కంప్యూటర్, చెవులకి పెట్టుకునే ఫోను, నెత్తి మీద మెట్లెక్కేవాళ్ళ చెప్పుల చప్పుడు. పని ఏమిటంటే, జబ్బు కాస్త నెమ్మదించి ఇంటికి వెళ్ళిపోయిన రోగుల్ని రోజూ పొద్దున్నే ఫోను కెమెరాలో చూడటం, వాళ్ళ బీపీ, బరువు, షుగరు అంకెలు తెర మీదికి వస్తుంటే తేడా కనిపెట్టి డాక్టరుకి చెప్పడం. వార్డులో అయితే రోగి ఒక్కడే కనిపిస్తాడు. ఇక్కడ ఇల్లంతా కనిపిస్తుంది. "మాత్ర వేసుకున్నాను సిస్టర్" అని ఆయన ఒట్టేస్తుంటే, ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి లేదు లేదని చేతులూపే భార్య కనిపిస్తుంది. "ఉప్పు మానేశామండీ" అనే అత్తగారి వెనక, పచ్చడి జాడీ మీద గిన్నె బోర్లించే కోడలు కనిపిస్తుంది. నక్క తోక తొక్కి వచ్చాననుకుంది ఆవిడ. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ ఇళ్ళు చూడాలన్న కోరికకి ఎవరూ జీతం ఇవ్వలేదు మరి.

ఆ ఇళ్ళలో ఒకటి కండక్టరు గారిది. నిజానికి ఆయన అల్లుడిది. కండక్టరు గారు ఎన్నో ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరయ్యాడు. గుండె నీరసించింది, ఒక కాలు చచ్చుబడింది. కూతురు తెల్లారకముందే మిల్లుకి వెళ్తే పొద్దుగూకాక వస్తుంది. అల్లుడు మంగలి. ఇంటి ముందుగదే షాపు, వెనకగదిలో మామగారి మంచం. గడ్డానికి గడ్డానికి మధ్య మామగారికి స్నానం, అన్నం, మందులు. "నేను ఇల్లరికపు మామనమ్మా" అని కండక్టరు గారు మొదటి రోజే తన పరిచయం తనే చేసుకున్నాడు.

గుండె నీరసించిన మనిషికి ఒంట్లో నీరు చేరుతుంది. ఆయాసం రాకముందే ఆ సంగతి బరువు చెప్పేస్తుంది. అందుకని ఆసుపత్రివాళ్ళు ఇంటికొక బరువు మెషిన్ ఇచ్చారు. ఎక్కితే చాలు, అంకె తనంతట తనే ఫోనులోంచి సిస్టర్ తెర మీదికి వచ్చి పడుతుంది. కండక్టరు గారి అంకె వచ్చిన మొదటి పొద్దున తెరంతా ఎర్రబడి కూయడం మొదలెట్టింది. ఆవిడ హడలిపోయి ఫోను చేసింది.

"బాబూ, మీ మావయ్య ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారు సిస్టర్. నన్ను తిడుతున్నారు."

"ఆయన బరువు రాత్రికి రాత్రి రెండింతలైందని చూపిస్తోంది ఇక్కడ."

"నన్ను కూడా కలిపితే అంతే ఉంటుంది కదా సిస్టర్."

"నిన్నెందుకు కలిపావయ్యా?"

"ఆయన నిలబడలేరుగా. ఎత్తుకుని ఎక్కాను."

వెనకనుంచి కండక్టరు గారి గొంతు వినబడింది. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా అమ్మాయిని ఒక్కసారి ఎత్తుకున్న పాపాన పోలేదు వీడు. నన్ను ఎత్తుకు తిరుగుతున్నాడు."

ఆవిడకి నవ్వాగలేదు. మెట్ల మీద వెళ్తున్నవాళ్ళు ఆగి కిందకి వంగి చూశారు. కళ్ళు తుడుచుకుని ఆలోచిస్తే ఒక ఉపాయం తట్టింది. కంప్యూటర్‌లో చక్రాల కుర్చీ బరువు అని ఒక గడి ఉంది. కుర్చీతో సహా తూచే రోగులకి, కుర్చీ బరువు అందులో ఒక్కసారి వేసేస్తే చాలు, అదే రోజూ తీసేసి మనిషి బరువు చూపిస్తుంది. అల్లుణ్ణి ఒంటరిగా మెషిన్ ఎక్కించి, వచ్చిన అంకెని ఆ గడిలో వేసింది. తెర ఎరుపు మాని పచ్చబడింది.

"నన్ను కుర్చీ కింద కట్టేశారా సిస్టర్?" అన్నాడు అల్లుడు.

"మంచి కుర్చీవే బాబూ. చక్రాలు లేవన్న మాటే గానీ చెప్పిన మాట వింటావు."

"కాస్త కిర్రుమంటుందమ్మా," అన్నాడు కండక్టరు గారు మంచం మీదనుంచి. "నూనె వెయ్యాలి."

అలా అల్లుడు ఆసుపత్రి లెక్కలో కుర్చీ అయ్యాడు. రోజూ పొద్దున్నే మామగారిని ఎత్తుకుని మెషిన్ ఎక్కడం, అంకె రావడం, దాంట్లోంచి కుర్చీ పోవడం. నెలలు గడిచాయి. కండక్టరు గారి బరువు గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. గుండె డాక్టరు పైనుంచి ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. "మన పేషెంట్లలో ఈయనే బంగారం సిస్టర్. ఈ గీత చూడండి" అన్నాడు. ఆవిడా చూసింది, మురిసిపోయింది.

ఒకరోజు పొద్దున కెమెరాలో కండక్టరు గారి పాదాలు కనిపించాయి. చలిగా ఉందని అల్లుడు దుప్పటి సర్దుతున్నాడు. ఆ పాదాలు ఆవిడకి నచ్చలేదు.

"బాబూ, ఆ పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తియ్యి."

నొక్కి తీశాడు. తడి మట్టి మీద వేలు పెట్టినట్టు గుంట అలాగే ఉండిపోయింది. అంటే నీరు చేరింది. నీరు చేరితే బరువు పెరగాలి. గీత చూస్తే తిన్నగా పడుకుని ఉంది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ఒకసారి గీతని, ఒకసారి పాదాన్ని చూసింది. ఆ పక్కనే అల్లుడు మంచినీళ్ళ సీసా అందుకోవడానికి చెయ్యి చాచాడు. మణికట్టు దగ్గర ఉండాల్సిన వాచీ జారుకుంటూ వెళ్ళి మోచేతి దగ్గర ఆగింది. సీసా మొత్తం గుక్క తిప్పుకోకుండా తాగాడు. "ఒక్క నిమిషం సిస్టర్" అని లేచి పెరట్లోకి పరిగెత్తాడు.

"వాడింతేనమ్మా ఈ మధ్య," అన్నాడు కండక్టరు గారు. "తాగడం, పరిగెత్తడం. స్టాపు స్టాపుకీ దిగిపోయే పాసింజరు లాగా."

అప్పటికి అర్థమైంది ఆవిడకి. మెషిన్ తప్పు చెప్పలేదు. రోజూ ఇద్దర్నీ కలిపి తూచింది, ఇద్దరూ కలిపి అంతే ఉన్నారు. ఒకడు నీరు పట్టి పెరుగుతుంటే ఇంకొకడు సరిగ్గా అంతే తగ్గుతున్నాడు. తనే కుర్చీ గడిలో మనిషిని కూర్చోబెట్టి ఊరుకుంది. కుర్చీలు చిక్కిపోవు. అల్లుళ్ళు చిక్కిపోతారు.

అల్లుడు తిరిగొచ్చాక, "నువ్వొక్కడివే ఎక్కు" అంది. ఎక్కాడు. అంకె వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, గట్టిగా అనకూడని మాట ఒకటి గొంతులోనే అనుకుంది. ముందు గుండె డాక్టరుకి ఫోను చేసి నీరు తీసే మాత్ర పెంచే సంగతి తేల్చి, ఆ మాత్ర మింగించి, అప్పుడు అల్లుడి మీద పడింది.

"ఇప్పుడే మీ వీధి చివర క్లినిక్కుకి వెళ్ళి రక్తం చూపించుకో."

"నాకేం సిస్టర్, గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాళ్ళకి దాహం వెయ్యదు. షుగరులా ఉంది నీ వాలకం."

"ఆదివారం వెళ్తాలెండి. ఈయన్ని వదిలేసి ఎలా వెళ్ళను? మొన్న నేను పాల కోసం వెళ్తే తనంతట తనే లేవబోయి పడ్డారు."

"ఆదివారానికి నువ్వు పడితే? ఆయన్ని ఎత్తడానికి నువ్వున్నావు. నిన్నెత్తడానికి ఆ ఇంట్లో ఎవరున్నారో చెప్పు."

షాపులో గడ్డానికి సబ్బు పట్టించుకుని కూర్చున్న మనిషి "ఏమయ్యా, ఎండిపోతోంది" అని కేకేశాడు.

"ఫోను మావయ్య ఎదురుగా పెట్టి వెళ్ళు," అంది ఆవిడ. "నువ్వొచ్చేదాకా నేను రెప్ప వెయ్యకుండా చూస్తుంటాను. కండక్టరు గారూ, మీరు మంచం దిగరుగా?"

"బస్సు కదులుతుండగా దిగే అలవాటు నాకు లేదమ్మా."

అల్లుడు మందుల డబ్బాకి ఫోను ఆనించి, సబ్బు మనిషికి గబగబా గడ్డం గీకేసి, పక్క కుర్చీలో సగం తల అయినాయన్ని అలాగే కూర్చోమని, భుజం మీద తువ్వాలుతోనే పరిగెత్తాడు.

అంతా బాగానే ఉండేది, కండక్టరు గారు దుప్పటి లాక్కోకపోతే. దుప్పటితోపాటు డబ్బా వచ్చింది, డబ్బాతోపాటు ఫోను. సిస్టర్ తెర గిర్రున తిరిగి, తిరుగుతున్న పంకా ఒక్కటే మిగిలింది.

"కండక్టరు గారూ, మీరు కనపడట్లేదు."

"ఫోను కింద పడిందమ్మా. ఉండు, తీస్తాను."

"కదిలారంటే చూడండి మరి."

"చూడటానికి నేను కనపడాలి కదా."

మనిషి కనపడడు, అల్లుడికి ఫోను చేద్దామంటే ఆ ఫోనే మంచం పక్కన నేల మీద ఉంది. ఇక మిగిలింది గొంతు. "అయితే మాట్లాడుతూ ఉండండి," అంది. "మాట ఆగిందంటే లేచారని లెక్క."

"ఏం మాట్లాడను?"

"మీ రూటులో స్టాపులు చెప్పండి."

అంతే, రిటైరైన గొంతుకి డ్యూటీ దొరికింది. "కోర్టూ కోర్టూ కోర్టూ. కోర్టు దిగేవాళ్ళున్నారా?" అని మంచం మీదనుంచి కేక. "ఉన్నారు, ఆపండి" అని మెట్ల కిందనుంచి జవాబు. "రైట్ రైట్" అని ఆయన, "రైట్ రైట్" అని ఈవిడ. మార్కెట్టు దాటారు, రైలుగేటు దాటారు, సినిమా హాలు దగ్గర ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న ఒక పెద్దమనిషిని ఇద్దరూ కలిసి లేపారు. సరిగ్గా అప్పుడు ఇస్త్రీ సారు, కొత్త విభాగాన్ని చూడటానికి వచ్చిన పెద్దల్ని వెంటేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

వాళ్ళకి కనిపించింది ఒక పంకా, దానికేసి చూస్తూ "టిక్కెట్ తీసుకోనివాళ్ళు తీసుకోండి" అంటున్న నర్సు.

వచ్చినవాళ్ళలో పెద్దాయన అడిగాడు. "ఇందులో పేషెంటు ఎక్కడమ్మా?"

"మంచం మీద సార్. ఫోను నేల మీద."

"చూసుకునేవాళ్ళు?"

"పరీక్షకి పంపించాను సార్."

"పరీక్ష ఎవరికి?"

"కుర్చీకి సార్."

ఇస్త్రీ సారు జేబు రుమాలు తీసి నుదురు ఒత్తుకున్నాడు. ఆవిడ వివరం చెప్పబోయేంతలో పంకాలోంచి కండక్టరు గారు గద్దించాడు. "తలుపు దగ్గర నిలబడకండి. లోపల బోలెడు ఖాళీ ఉంది. జరగండి, ముందుకి జరగండి." జన్మజన్మల అలవాటు కాబోలు, పెద్దలందరూ, వాళ్ళతో ఇస్త్రీ సారూ, మారు మాట్లాడకుండా గదిలోకి జరిగారు.

ఆ కిక్కిరిసిన గదిలో, అంతమంది భుజాల మధ్యనుంచి, ఆవిడ మెడ సాచి తెరనే చూస్తోంది. పంకా ఊగింది. ఫోను ఎవరో పైకి తీశారు. అల్లుడి మొహం వచ్చింది. తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది.

"సిస్టర్, షుగరేనట. చాలా ఎక్కువట. ఆ క్లినిక్కాయన నేను నడిచి వచ్చానంటే నమ్మలేదు. ఇప్పుడే ఆసుపత్రిలో చేరమంటున్నాడు. నేనన్నాను, కుదరదండీ, ఇంట్లో మావయ్య..."

"మావయ్యా వస్తాడు," అంది ఆవిడ. "ఆయనకీ నీరు దిగాలి. మంచినీళ్ళు తాగుతూ కూర్చో, బండి పంపిస్తున్నాను. మీ ఆవిడకి మిల్లుకి నేను ఫోను చేస్తాను. ఇవాళ నువ్వు ఎవర్నీ ఎత్తడానికి వీల్లేదు, ఎత్తడానికి వేరేవాళ్ళు వస్తున్నారు."

"షాపులో ఇంకొకాయన సగం తలతో ఉన్నాడు సిస్టర్."

"సగం తలతో బతుకుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బయల్దేరు."

మామా అల్లుళ్ళకి ఒకే వార్డులో పక్కపక్క మంచాలు దొరికాయి. ఇన్సులిన్ పడ్డాక అల్లుడి దాహం తీరింది, మామగారి పాదాల గుంటలు పూడాయి. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో గానీ, ఇద్దరూ ఒకేసారి ఇంటికి వెళ్ళారు. మంచం పక్క గోడకి పట్టుకునే కమ్మీ బిగించారు. కండక్టరు గారు దాన్ని పట్టుకుని తనే మెషిన్ ఎక్కుతున్నాడు. సిస్టర్ మాత్రం ఆ ఇంటినుంచి రోజూ రెండో అంకె కూడా కావాలని పట్టుబట్టింది. మెల్లగా అన్ని ఇళ్ళనుంచీ అడగడం మొదలెట్టింది. రోగితోపాటు, రోగిని చూసుకునే మనిషిది కూడా: బరువు ఎంత, నిద్ర పట్టిందా, తిన్నావా. కంప్యూటర్‌లో దానికొక గడి కల్పించారు. తర్వాత జరిగిన పెద్ద మీటింగులో ఇస్త్రీ సారు ఆ గడి తన ఆలోచనేనని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ మీటింగుకి ఆవిడని పిలవలేదు. పిలవకపోవడమే మంచిదైంది, అక్కడ నవ్వాల్సినవి చాలా జరిగాయట.

అల్లుడు ఆవిడని ఆఖరిసారి చూసింది బస్టాపులో. సాయంత్రం జనం, ఆవిడ చేతిలో కూరగాయల సంచి. ఇన్నాళ్ళూ తెర మీద తలకాయ మాత్రమే చూసినవాడికి, వార్డులో మత్తుగా పడుకుని చూసినవాడికి, ఆవిడ ఇంత పొట్టి మనిషని అప్పుడే తెలిసింది. దగ్గరికి వెళ్ళి, ఎప్పటినుంచో మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారి చెప్పేద్దామని, "సిస్టర్, ఆ రోజు మీరే గనక లేకపోతే" అని మొదలెట్టాడు.

ఆవిడ సంచి కింద పెట్టి, తల పైకెత్తి, అతణ్ణి కాళ్ళనుంచి తల దాకా ఒకసారి చూసింది.

"పొగడ్తలు తర్వాత విందాం," అంది. "మధ్యాహ్నం అన్నం తిన్నావా, మావయ్యకి పెట్టేసి నీ సంగతి మర్చిపోయావా? ఆలోచించుకుని చెప్పు. ఇప్పుడు ఎదురుగా ఉన్నావు బాబూ, సిగ్నల్ పోయిందని తప్పించుకోవడానికి లేదు."