కుడివైపు పాలు

మా మేకకు పొదుగువాపు వచ్చింది. ఎడమ చన్ను రాయిలా గట్టిపడింది. పితికితే విరిగిన పాలలాంటి ముక్కలు, వాటిలో నెత్తుటి చారలు. కోరాపుట్ దగ్గరి కకిరిగుమ్మలో మా ఇంటికి వచ్చే పశువుల కాంపౌండరు మేక తొడకు సూది వేసి, ఆ చన్నులోకి గొట్టంతో మందు ఎక్కించాడు. తను చెప్పేదాకా పాలు వాడొద్దని మా అత్తకు ఒడియాలో చెప్పి వెళ్ళాడు. నేను అప్పుడు బడిలో పాఠం చెబుతున్నాను.

ఏడాది దాటిన మా పాపకు ఆవుపాలు పడవు. రాత్రి నా దగ్గర తాగుతుంది, పగలు మేకపాలు.

మర్నాడు నేను ఇంటికి వచ్చేసరికి పాప పొట్ట మీద, వీపు మీద ఎర్రటి దద్దుర్లు. కింది పెదవి ఒక పక్క ఉబ్బింది. ఏం పెట్టావని అత్తను అడిగాను. పాలే అంది.

"సెడ్డ పాలు పారబోసీసేనమ్మి. మందు పెట్టింది ఎడమేపు కదా, కుడేపు దానికేటొచ్చింది? బాగా మరిగించే ఇచ్చేను."

సూదిమందు తొడలో ఆగిపోదని, నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరిగి రెండు పక్కల పాలలోకీ దిగుతుందని, మరిగించినా పూర్తిగా పోదని చెప్పాను. వింటున్నంతసేపూ అత్త మేకనే చూసింది.

కోరాపుట్‌లో డాక్టరు దద్దుర్లకు మందిచ్చి, మేకకు వేసిన యాంటీబయోటిక్ పాపకు ఇంతకుముందెప్పుడైనా ఇచ్చారా అని అడిగాడు. లేదన్నాను. ఈసారి చర్మంతో పోయింది, ఇంకోసారి గొంతు వాచవచ్చు, జాగ్రత్త అన్నాడు.

తిరుగు రైలు సొరంగంలోకి వెళ్ళింది. పాప నా గుండె మీద నిద్రపోతోంది. ఆ చీకట్లో గుర్తొచ్చింది. పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు నాకూ రొమ్ము వాచి జ్వరం వచ్చింది. జయపురంలో రాసిచ్చిన గొట్టం మాత్రలు, అవీ యాంటీబయోటిక్కే, వేసుకుంటూనే పాలిచ్చాను. ఆ రోజుల్లోనే దాని మెడ మీద ఎర్రగా లేచింది. చెమటకాయలనుకుని పౌడరు అద్దాం.

మేక తేరుకుంది. ఈ సాయంత్రం నా ఎడమవైపు బరువెక్కింది. తడిమితే గడ్డ, కాస్త వేడి. అత్తకు చెప్పాను. పెట్టె తెరిచి, అప్పట్లో మిగిలిపోయిన ఆ మాత్రలే తెచ్చింది.

"ఏసుకో అమ్మి. పిల్లకి రెండో పక్క ఇద్దుగాన్లే."

అనేసి మేక వైపు చూసింది. మాత్రల అట్ట తీసుకుపోయి పొయ్యిలో పడేసింది.

పొద్దున్నే మొదటి బస్సుకు కోరాపుట్ వెళ్ళాలి. ఏ మందు రాసినా ముందు పాప సంగతి చెప్పాలి. ఇది రాస్తుండగా పాప లేచి ఏడ్చింది. ఈ రాత్రి నా ఒంట్లో ఏ మందూ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా దీపం తగ్గించకుండా, అది తాగుతున్నంతసేపూ దాని పెదవినే చూస్తూ కూర్చున్నాను.