కంప్యూటర్ నేర్చిన మర్యాద

ఆ రోజుల్లో మనిషి కనబడగానే ఎవరి కొడుకువని అడిగేవారు. ఏం చదివావన్నది తరువాతి ప్రశ్న. నాకు మొదటిదే ఇష్టం. నల్లగొండ వైపు ఏడు ఊళ్ళకు మా ముత్తాత దేశ్‌ముఖ్. మా తాత మేనాలోనో గుర్రం మీదో తప్ప ఊరు దాటి ఎరగరు. మా బాపు కాలానికి మేనా పోయి ఎర్రబస్సు మిగిలింది. అందులోనూ కిటికీ సీటు దొరక్కపోతే నార్కట్‌పల్లి దాకా నిటారుగా నిలబడే వచ్చేవారు. నాకు వారసత్వంగా దక్కింది ఆ నిటారు వెన్ను. దాన్ని వెంటబెట్టుకుని తొంభైల్లో మహబూబ్‌నగర్ శివారులోని ఒక పోత కార్ఖానాలో ఇంజనీరుగా చేరాను.

అక్కడ ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, నీళ్ళ పంపుల కేసింగులు చేసేవారు. ఇసుకలో బంకమన్ను, నీరు సరిగ్గా కలవాలి. గట్టిదనం తగ్గితే అచ్చు కూలుతుంది. గాలి పోయే సందు లేకపోతే ఇనుములో బుడగలు పడతాయి. అచ్చులు కట్టేవాళ్ళంతా వంగి, పిడికెడు ఇసుక తీసి, పిసికి చూసేవారు. మా వంశంలో వంగే అలవాటు లేదు గనుక నేను కంప్యూటర్ అడిగాను. కార్ఖానా యజమాని సేటు తెప్పించాడు. (దాని గదికి కూలర్ కూడా పెట్టించాడు, మనుషులకు పెట్టించలేదు.) హైదరాబాదులో చదివినప్పుడు న్యూరల్ నెట్‌వర్క్ అనే విద్య నాకు కొంత అబ్బింది. ఏ పాళ్ళలో కలిపితే ఇసుక ఎలా వచ్చిందో పదేపదే చూపిస్తే, కంప్యూటర్ మెదడులాగా తనే ఆ సంబంధాన్ని పట్టుకుని, కొత్త పాళ్ళకు ఫలితం ముందే చెబుతుంది.

చూపించడానికి కొలతలు కావాలి కదా, అవి ఇచ్చేవాడు ముల్లన్న. ఇసుక దిమ్మను మిషన్‌లో నొక్కి, ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పడం అతని పని. అందుకే ఆ పేరు. మాది, అతనిది ఒకటే ఊరు. వాళ్ళ నాయిన మా తాత గుర్రాన్ని చూసుకునేవాడట. కార్ఖానాలో అందరికీ నేను సారును, అతనికి మాత్రం దొరను. (వద్దని ఒకసారి అన్నాను. గట్టిగా అనలేదు.) నేను ముందుగా కంప్యూటర్ అంచనా చెప్పేవాణ్ణి, అతను పరీక్ష చేసి కొలత చెప్పేవాడు, దాన్ని మళ్ళీ కంప్యూటర్‌కు నేర్పేవాణ్ణి. రోజులు గడిచేకొద్దీ రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి. నా వెన్ను ఇంకొంచెం నిటారైంది.

అప్పుడే హైదరాబాదు కంపెనీ ఒకటి పెద్ద ఆర్డర్ ఇస్తానంది. నమూనాగా పోసే మొదటి విడత వాళ్ళకు నచ్చాలి. నచ్చకపోతే కార్ఖానా నడిచే దారి లేదని సేటు ముందే చెప్పాడు. ఇక పిసికి చూడటాలూ, పరీక్షలూ దండగ, నా లెక్క మీదే పోద్దామన్నాను. కంపెనీ మనిషి కుర్చీ వేసుకుని చూస్తుండగానే పోశాం. రెండు అచ్చులు కూలి ఇనుము నేల మీద పారింది. నిలిచినవాటిని చల్లారాక పగలగొట్టి తీస్తే, సేటు ఒక కేసింగును ఎండకు ఎత్తిపట్టి చూశాడు.

"ఇంజనీర్ సాబ్, గిది పంపు గాదు, జల్లెడ. గీ ఆర్డర్ పోతే కార్ఖానకు తాళమే."

కంపెనీ మనిషి వారం గడువిచ్చి వెళ్ళాడు. నేను తిన్నగా పరీక్ష గదికి వెళ్ళి, కొత్త ఇసుక కలిపించి, ముల్లన్న పక్కనే నిలబడ్డాను. దిమ్మ పగిలింది, ముల్లు ఆగింది. అతను ముల్లు వైపు చూడనే లేదు, నా మొహం వైపు చూశాడు.

"కంపూటర్ ఎంతన్నది దొరా?"

"అది నీకెందుకు? ముల్లు ఎంత చూపిస్తున్నదో చెప్పు."

"మీరు జర ముందుగాల చెప్పుండ్రి. మీరు పది అన్నంక మిషిన్ ఆరు అంటే, నేను మిషిన్ దిక్కు మాట్లాడాల్నా? మా నాయిన మీ తాత ముంగట ఎన్నడన్న కాదన్నడా?"

ఇన్నాళ్ళూ నా కంప్యూటర్ చెప్పిన మాటే ముల్లన్న నోటి మీదుగా తిరిగి దానికే చేరింది. పాపం అది ఇసుకను ఎరగదు. మా ఇంటి మర్యాదను మాత్రం ఔపోసన పట్టింది.

సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తిట్టలేదు, తల పట్టుకుని చాలాసేపు నవ్వాడు. అదే ఎక్కువ బాధించింది. పాత కొలతలన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాం. అంచనా బయటికి చెప్పకుండా నేను పెదవులు బిగించుకుని కూర్చుంటే, ముల్లన్న దాన్ని నా కనుబొమల్లో చదవాలని చూసేవాడు. చివరికి ఒకరోజు అచ్చులవాళ్ళందరి ముందూ అంచనా నేనే పైకి చెప్పి, తప్పైతే తప్పని అనమని బతిమాలాను. అతను తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. ముల్లు చూశాడు.

"తప్పు, దొరా. మీ లెక్క తప్పు."

మా ఇంటివాళ్ళ ఎదుట నిలబడి ఆ మాట అన్నవాడు అంతకుముందు లేడు. వారంలో పోత కుదిరింది, ఆర్డర్ నిలిచింది. కానీ ముల్లన్నకు ఆ మాట రుచి తగిలింది. నేను చెప్పిన బస్సు టైము తప్పు, చాయ్‌లో నేను వేసుకునే చక్కెర తప్పు, నారాయణపేటలో మా ఆవిడకు నేను ఎంచిన చీర రంగు తప్పు. (చీర విషయంలో మా ఆవిడది కూడా అదే మాట.)

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు నేనేమన్నా తలూపుతారు. అలా ఊపినప్పుడల్లా నాకు పరీక్ష గదిలోని తువ్వాల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ ఆర్డర్ నిలిచిన మరుసటి ఏడు ఊళ్ళో మాకు మిగిలిన మోట బావినీ, దాని పక్కనున్న మెట్ట చెలకనూ అమ్ముదామనుకుని ముల్లన్నను అడిగాను, మీ ఇష్టం దొరా అంటాడని. అతను ఆలోచించుకోనైనా లేదు, తప్పు దొరా అన్నాడు. అది అతనికి అలవాటైన మాటే కదా అనుకుని ఎండాకాలంలో రెండూ అమ్మేశాం.