పళ్ళ మేస్త్రి కొండెక్కిన రోజు

మా బావని ఊళ్ళో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టరు కాదు. పళ్ళ డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. క్లినిక్ వెనక మెట్లెక్కితే ఒక ఇరుకు గది, కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న స్పిరిట్ దీపం, మైనం ముద్దలు, వరసగా తెల్లటి అచ్చులు. ఎప్పుడు చూసినా ఆయన కనుబొమల మీద పొడి. నలుగురిలో ఎవరైనా ముసలాయన నోరారా నవ్వితే మా బావ ముందు పళ్ళకేసి చూసి, తర్వాత మనిషికేసి చూస్తాడు. "అది నా పనే," అని నాకు మాత్రం వినబడేలా అంటాడు.

నేను ఆయన మరదల్ని. బడికెళ్ళే వయసు నుంచీ అక్కాబావల దగ్గరే పెరిగాను కాబట్టి ఆయన్ని "నువ్వు" అనే చనువుంది. ఇప్పుడు అదే వీధిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. బావ మంచివాడే. కాకపోతే వెంట్రుకవాసి తేడా వచ్చినా కట్టుడు పన్ను కుదరదు కదా, ఆ పట్టింపంతా ఇంటికి మోసుకొచ్చేవాడు. గ్లాసు పెట్టినచోటే ఉండాలి. తలుపు గడియ తనే వేసి, మళ్ళీ తనే లేచి చూసుకోవాలి. అక్క నవ్వి ఊరుకునేది.

అక్క బడిలో చిన్నపిల్లలకి చదువు చెప్పేది. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, మా అమ్మ నేర్పిన పొడుగాటి ప్రార్థన గొంతెత్తి చెప్పుకునేది. పక్కగదిలో బావ గడ్డం గీసుకుంటూ వినీ విననట్టు ఉండేవాడు. దేవుడంటే గిట్టక కాదు. "ఇంట్లో ఒకరు మాట్లాడుతున్నారుగా, ఇద్దరం ఒకేసారి మొదలుపెడితే ఆయనకేం వినబడుతుంది," అనేవాడు.

అలాంటి ఇంట్లో ఒకరోజు పిడుగు పడింది. బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ అక్క కుప్పకూలిపోయింది. పక్షవాతం అన్నారు. ఆసుపత్రి వరండాలో బావ గోడకి నుదురు ఆనించి నిలబడి ఏదో గొణుక్కోవడం చూశాను. ఆయన ప్రార్థించగా నేను చూడటం అదే మొదటిసారి.

అక్క బతికింది. ఎడమ కాలూ చెయ్యీ మొండికేశాయి, మాట ముద్దగా వచ్చేది. నాలుక ఏ పంటికి తగిలితే ఏ అక్షరం పలుకుతుందో బావకి బాగా తెలుసు. రోజూ ఎదురుగా కూర్చుని, "పై పళ్ళ వెనక ఆనించు. 'త' అను. ఇప్పుడు 'ద' అను," అంటూ ఓపిగ్గా నేర్పించాడు. మాట చాలావరకు తిరిగొచ్చింది. ప్రార్థనకి మాత్రం అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. రెండు మాటలు వచ్చేవి, మూడోది తట్టేది కాదు. అక్క కాసేపు ఆగి, "మిగతాది నీకు తెలుసుగా," అని దేవుడికే వదిలేసేది.

బావ మాత్రం దేన్నీ ఎవరికీ వదల్లేకపోయాడు. మెట్లు దిగొద్దు, బకెట్ ముట్టుకోవద్దు, కిటికీ దగ్గర గాలి కొడుతుంది కూర్చో. బీపీ చూసే మిషన్ కొన్నాడు. అక్క తుమ్మినా దాని పట్టీ చేతికి చుట్టేవాడు. మాట కాస్త తడబడితే చాలు, "మళ్ళీ అను," అనేవాడు. కూతురు చిట్టి పనికెళ్ళి వచ్చేసరికి పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివర నిలబడేవాడు. చిట్టికి ఇరవై రెండేళ్ళు. వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వస్తే, "అమ్మకి ఇలా ఉంటే ఎలా వెళ్తావ్," అని మాన్పించాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. అంత ప్రేమకి ఎదురు చెప్పడానికి నోరెలా వస్తుంది? ఇంట్లో నవ్వు మాత్రం తగ్గిపోయింది.

ఓ సెలవు రోజు అక్క ఉన్నట్టుండి, "కొండెక్కుదాం," అంది.

ఊరికి అవతల ఒక కొండ ఉంది. పైన నాలుగు రాతి గోడల చిన్న మందిరం. చిన్నప్పుడు మా అమ్మతో వెళ్ళేవాళ్ళం. బావ ఆ మాట విని, అక్క అమెరికా అధ్యక్షురాలిని అవుతానన్నట్టు చూశాడు.

"నీ కాలు సంగతి తెలిసే మాట్లాడుతున్నావా?"

"నా కాలు సంగతి నాకు కాక ఇంకెవరికి తెలుస్తుందండీ. డాక్టరుగారు నడవమన్నారు."

"నడవమన్నారు. కొండలెక్కమనలేదు."

"మీరు రాకపోతే చెల్లీ, చిట్టీ వస్తారు."

ఆ మాటతో బావ లొంగిపోయాడు. బయల్దేరే రోజు చూద్దును కదా, ఆయన వీపున పెద్ద సంచి, చంకలో మడత కుర్చీ, మెడలో మందుల సంచి, రెండు గొడుగులు.

"బావా, కొండెక్కుతున్నామా, కాపురం మారుస్తున్నామా?" అన్నాను.

"నువ్వు ఎగతాళి చెయ్, మధ్యలో తలనొప్పి వస్తే మాత్ర నన్నే అడుగుతావ్," అన్నాడు.

ఎండ ముదరకముందే మొదలుపెట్టాం. అక్క కుడిచేతిలో కర్ర, ఎడమపక్క చిట్టి. దారి మొదట్లో బాగానే ఉంది. కానీ బావ ప్రతి మలుపులోనూ కుర్చీ విప్పి, అక్కని కూర్చోబెట్టి, పట్టీ చుట్టేవాడు. మూడోసారికో నాలుగోసారికో అక్క చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఇక వద్దు."

"ఒక్క నిమిషం పని."

"మీరు పట్టీ చుడుతుంటేనే నాకు బీపీ పెరుగుతోంది."

చిట్టి ఫక్కున నవ్వింది. బావ నవ్వలేదు. కుర్చీ మడిచి, మూతి ముడుచుకుని ముందు నడవడం మొదలుపెట్టాడు.  అక్క మాత్రం ఆగి ఆగి, గడ్డిపూలు చూస్తూ, తన కాలుకి తనే నచ్చజెప్పుకుంటూ ఎక్కింది.

కొండ సగం పైనే దాటాక దారి తెగిపోయింది. వానలకి మట్టి కొట్టుకుపోయి, దారికి అడ్డంగా వదులు రాళ్ళ జారుడు. వెడల్పు ఎక్కువేం లేదు, మా వీధి అంత. అవతల దారి మళ్ళీ కనిపిస్తూనే ఉంది.

"ఇక చాలు, దిగిపోదాం," అన్నాడు బావ.

"కాసేపు కూర్చుని ఆలోచిద్దాం," అంది అక్క.

ఆయనకి ఆ 'కాసేపు' నచ్చలేదు. దాటడం కుదరదని రుజువు చెయ్యాలనుకున్నాడో, కుదిరితే అక్కకి ఎక్కడ కాలుపెట్టాలో చూపిద్దామనుకున్నాడో, అంత బరువుతోనే రాళ్ళ మీదికి నడిచాడు. అవతలి అంచు అందుకునేంతలో కాలి కింద రాయి దొర్లింది. పడటం మేం చూశాం. లేవబోయి మళ్ళీ కూలబడి, చీలమండ పట్టుకుని దారి మీదికి జరిగాడు. కాలు వంకర తిరిగి ఉంది.

"ఎవరూ రావద్దు. అక్కడే ఉండండి," అని అరిచాడు.

అక్క కర్ర నా చేతికిచ్చింది. రాళ్ళ మీద చతికిలబడి కూర్చుంది. కుడికాలు ముందుకు తన్ని, కుడిచెయ్యి ఆనించి, ఎడమకాలుని సామానులా వెంట లాక్కుంటూ, చంటిపిల్ల పాకినట్టు జరగడం మొదలుపెట్టింది. బావ అవతల నుంచి వద్దు వద్దంటూనే ఉన్నాడు. ఆవిడ తలెత్తలేదు. రాళ్ళు చిన్నచిన్నవి కిందకి దొర్లుతున్నాయి.  ఆవిడ వెనకే చిట్టి, చిట్టి వెనక నేను, అలాగే పాకి అవతలకి చేరాం. అప్పటికే అక్క బావ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఫోన్లు ఏవీ పలకలేదు. చిట్టి లేచి నిలబడింది. "నేను పైకి వెళ్ళి ఎవర్నైనా తీసుకొస్తాను నాన్నా."

"ఒక్కదానివీ ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు."

"వెళ్ళమ్మా," అంది అక్క. "కిందికి కాదు, పైకే వెళ్ళు. మందిరం చూసుకునే ఆవిడ అక్కడే ఉంటుంది. వెనకవైపు నుంచి జీపు రోడ్డు ఉంది."

బావ నొప్పి కూడా మర్చిపోయి తల తిప్పాడు. "జీపు రోడ్డు ఉందా?"

"మా బడి ఆయా చెప్పింది. వాళ్ళన్నయ్యే సామాను తీసుకొస్తాడు."

"నాతో చెప్పలేదేం?"

"చెబితే నన్ను జీపులో ఎక్కించేవారు."

చిట్టి వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా బావ అటే చూశాడు. కాసేపటికి మబ్బు కిందికి దిగి దారిని మింగేసింది. సన్నగా తుంపర మొదలైంది. గొడుగు విప్పి ఇద్దరి మీదా పట్టుకున్నాను. చలికో నొప్పికో బావ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"పిల్ల ఈ మంచులో దారి తప్పితే?" అన్నాడు.

"తప్పదు."

"నీకెలా తెలుసు? అందుకేనా నీ ప్రార్థన? ఏం కాదని ఎవరో నీ చెవిలో చెబుతారా?"

అక్క కోప్పడలేదు. "మీరెందుకు మానేశారు? ఆసుపత్రిలో చేశారటగా, చెల్లి చెప్పింది."

బావ కళ్ళు మూసుకున్నాడు. అలాగే చెప్పాడు. "ఆ రోజు అడిగాను. నిన్ను ఇవ్వమన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చాక చేతులు జోడిద్దామంటే భయమేసింది. ఇచ్చినవాడికి తీసుకోవడం ఎంత పని? ఆయన కళ్ళలో పడకుండా నా కాపలా నేను కాసుకుంటే చాలనుకున్నాను."

 రోజూ ఆ ఇంటికి వెళ్ళొచ్చేదాన్ని, ఆ మాట ఆయన లోపల ఉందని నాకు తెలీలేదు.

అక్క ఆయన నుదుటి మీద తడి తుడిచింది. మాటలు అలసటకి ముద్దగా వస్తున్నాయి. బావ 'మళ్ళీ అను' అనలేదు.

"ఏం కాదని నాకెవరూ మాటివ్వలేదండీ. బోర్డు దగ్గర పడిపోయిన రోజు కూడా పొద్దున్న ప్రార్థన చేసుకునే వెళ్ళాను. అయ్యేది అయింది. కానీ పడ్డప్పుడు నేను ఒక్కదాన్నీ లేను. పిల్లలు పట్టుకున్నారు, ఆయా పట్టుకుంది, మీరు పట్టుకున్నారు. దేవుడి చేతులు ఇవే అనుకున్నాను. నా నమ్మకం అంతే, అంతకంటే పెద్దది నా దగ్గర లేదు."

ఆయన చెయ్యి అందుకుని అంది. "మీరు పట్టుకున్న చెయ్యి వదలమనను. కాస్త వదులుగా పట్టుకోండి. చిట్టికి కూడా ఊపిరాడట్లేదు."

 బావ కళ్ళ చివర నుంచి కారింది తుంపరో మరొకటో నేను చూడదలుచుకోలేదు, తల తిప్పుకున్నాను.

అక్క ప్రార్థన మొదలుపెట్టింది. కొన్ని మాటలు సాఫీగా వచ్చాయి. రోజూ తెగే చోటే మళ్ళీ తెగింది. ఆవిడ ఆగింది. అప్పుడు ఒళ్ళోంచి బావ గొంతు, మెల్లగా, ఆ మాట అందించింది. అక్క ఉలిక్కిపడి, అందుకుని ముందుకు సాగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆయనే అందించాడు. ముప్ఫై ఏళ్ళు గడ్డం గీసుకుంటూ విన్న మనిషికి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చివరిదాకా ఇద్దరూ కలిసి చెప్పారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

మబ్బు ఇంకా విడవకముందే పైనుంచి పిలుపు వినబడింది. చిట్టి ముందు, వెనక మందిరం చూసుకునే ఆవిడా, జీపు డ్రైవరూ, ఇంకొకాయనా. వాళ్ళ చేతుల్లో ఒక మడత మంచం. బావ దాని మీదికి ఎక్కనని కాసేపు మొరాయించాడు.

"నేను మోయించుకోవడమేంటి. ఆవిడ్ని ఎక్కించండి, నేను కుంటుకుంటూ వస్తాను."

"నాన్నా, నోరు మూసుకుని పడుకో," అంది చిట్టి. ఆ పిల్ల తండ్రితో అలా మాట్లాడటం అదే మొదలు. బావ పడుకున్నాడు.

అలా మా అక్క తన కాళ్ళ మీద కొండెక్కింది, మా బావ నలుగురి చేతుల మీద ఎక్కాడు. మందిరం గుమ్మం ముందు మంచం దించాక, మొక్కొకరిది, మోత ఒకరిది అన్నాను. ఆ నొప్పిలోనూ నవ్వాడు. అక్క లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలోనే ఆయన పక్కన కూర్చుని, జీపు సిద్ధం చేసేదాకా రెండు కాళ్ళూ చాపుకుని లోయలో కదులుతున్న మబ్బుని చూసింది.

ఎముక విరిగింది. చాలా వారాలు కట్టు. ఈసారి అక్క నేర్పే వంతు. "ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు చెడ్డకాలు," అని తను నేర్చుకున్నదంతా మెట్ల దగ్గర నిలబడి ఆయనకి అప్పజెప్పేది. ఆయన తప్పు కాలు వేస్తే, "మళ్ళీ వెయ్యండి," అనేది. ఇంట్లో నవ్వు తిరిగొచ్చింది. పొద్దున్న ప్రార్థనకి బావ కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. తనంతట తను ఏమీ అడగడు. అక్క ఆగిన చోట అందిస్తాడు, అంతే. బీపీ మిషన్ వారానికోసారి బయటికొస్తోంది. రాత్రికి రాత్రే మనిషి మారిపోయాడని చెప్పను. గడియ ఇప్పటికీ రెండుసార్లు చూస్తాడు.

చిట్టికి ఆ ఉద్యోగం పోయింది కానీ ఏడాది తిరక్కుండా మరొకటి వచ్చింది, ఇంకా దూరంలో. బస్సెక్కించడానికి బావే వెళ్ళాడు. చేరగానే ఫోన్ చెయ్యమని చెప్పబోయి, మింగేసి, "కిటికీ సీటు దొరికిందా?" అని అడిగాడట.

పోయిన చలికాలం అక్కకి మళ్ళీ పక్షవాతం వచ్చింది, ఈసారి చిన్నది. పొద్దున్న కాఫీ కప్పు ఎత్తబోతే చెయ్యి పలకలేదు. బావ నన్ను పిలిచాడు, డాక్టర్ని పిలిచాడు, చిట్టికి తనే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, బడి ఆయాకి కూడా కబురు పెట్టాడు. నేను వెళ్ళేసరికి అదే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. 

"భయంగా ఉంది," అన్నాడు. "ఇలా కూర్చో."

పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయా వచ్చి ఇంకో పక్కన కూర్చుంది. డాక్టరు తలుపు తీసేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. అక్క నాలుగో రోజుకి ఇంటికొచ్చింది.