మూడో పూస

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి హోటల్లో పొద్దున్నే మేక కాళ్ళ పాయ తాగితే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ జిగట తగలగానే మా జువాలజీ లెక్చరర్ సుగుణ మేడం గుర్తుకొస్తుంది. అది ఎముకల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ కరిగి వచ్చిన జిగట అని చెప్పింది ఆమే. మూడు పోగులు పురి పెట్టుకున్న తాడు అది. ప్రతి పోగులోనూ మూడేసి అణువుల వరుస, మూడోది అన్నిటికన్నా చిన్నది, వందలసార్లు తిరిగి వస్తుంది. కణాలు ఆ తాడును తయారుచేసి బయటికి పంపి, దాన్నే పట్టుకుని నిలబడతాయి.

అప్పట్లో నా హేతువాదమంతా గొంతు చించుకోవడంలోనే ఉండేది. శేరిగూడలో మా అక్క లలిత కూతురికి రెండేళ్ళు నిండకముందే మూడుసార్లు ఎముకలు విరిగాయి. పుట్టుకతో వచ్చిన జబ్బని పట్నం దవాఖానలో కాగితం రాసిచ్చారు. అక్క అత్త మాత్రం మొదటిసారి విరిగినప్పుడే పిల్లకు తాయత్తు కట్టింది. నేను వెళ్ళి, వాకిట్లో నలుగురి ముందు మూఢనమ్మకాల మీద అరగంట మాట్లాడి, ఆ తాయత్తు కత్తిరించాను. నాలుగో రోజు పిల్ల తొడ ఎముక విరిగింది.

"నీ చెల్లె ఉపన్యాసానికి నా మనుమరాలి కాలు పోయింది," అన్నది అత్త అక్కతో. "పిల్లను ఈడ ఇడిచి నువ్వు తల్లిగారింటికి పో."

మేడంకు చెప్పాను. "కత్తెర ఎవరినడిగి పట్టుకపోయినవ్?" అన్నది, అంతే. వాదించడానికి వస్తుందనుకున్నాను. పూసల డబ్బా, దారం తీసుకుని నాతో శేరిగూడకు వచ్చింది.

"అక్కా, రెండు పెద్దయి, ఒకటి చిన్నది. గిట్లనే గుచ్చుకుంట పో," అని మేడం అత్తకు పూసలిచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. మూడు దారాలు నిండాక కలిపి పురి పెట్టించింది. చిన్న పూసలు లోపలికి ఒదిగాయి. తర్వాత ఒకచోట చిన్నదానికి బదులు పెద్దది వేయించింది.

"ఈడ ఉబ్బుతున్నది. బిగుస్తలేదు," అన్నది అత్త.

"అవ్. లోపల చిన్నదానికే జాగ. ఎముకల తాడు గూడ గిట్లనే ఉంటది. పిల్ల కడుపుల పడ్డప్పుడే ఇట్ల ఒకటి తప్పు పడ్డది. నీ కోడలు చేసింది గాదు."

"తాయత్తు తెంపినందుకు గాదా?"

"తాయత్తు ఉన్నప్పుడు రెండుసార్లు ఇరగలేదా?"

అత్త ఉబ్బినచోట వేలితో నొక్కి చూసింది. "తాయత్తు మళ్ల కడత," అన్నది. నేను నోరు తెరవబోతే మేడం నా మోచెయ్యి పట్టుకుంది.

"కట్టుకో. గని పిల్లను చెయ్యి పట్టి గుంజొద్దు. వీపు కింద, పిర్రల కింద అరచేతులు పెట్టి లేపాలె."

కాలికి సిమెంటు కట్టుతో ఉన్న పిల్లను అత్త అలా లేపబోయి జంకింది. అక్క లేపింది. పిల్ల ఏడవలేదు. "నువ్వే లేపు. నీకే మంచిగొస్తది," అన్నది అత్త. తల్లిగారింటి మాట మళ్ళీ ఎత్తలేదు.

జబ్బు పోలేదు. పిల్లకు తర్వాత కూడా ఎముకలు విరిగాయి. మేడం ఇప్పుడు లేదు. నేను వేదికల మీద ఇంకా మండిపడుతూనే ఉన్నాను, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. కానీ ఒకరి గడప తొక్కేటప్పుడు మాత్రం, నా మాటకు ఆ ఇంట్లో దెబ్బ ఎవరి మీద పడుతుందో ముందు చూసుకుంటాను. ఆ రోజు తాయత్తు కత్తిరించింది నేను. ఇల్లు విడిచి పొమ్మన్నది అక్కను.